ఆ ఎత్తు హ్యాండిల్ ఎవరికి?

కొత్త పెళ్లికొడుకుకి పెళ్లాం మీద అనుమానం వచ్చిందంటే చుట్టుపక్కల వాళ్లు ఏవేవో ఊహించుకుంటారు. కళ్లద్దాల దుకాణం అబ్బాయికి వచ్చిన అనుమానం మాత్రం ఒక చీపురు కర్ర దగ్గర మొదలైంది.

ఆదివారం పొద్దున్న కాఫీ కప్పు పట్టుకుని బాల్కనీలోకి వచ్చి కిందికి చూశాడు. పార్కింగు మూలన అతని భార్య తన బైకు మీద కూర్చుని ఉంది. దూరప్రయాణాలకని పెళ్లికి ముందే కొనుక్కున్న పెద్ద బండి అది. బండి కదలడం లేదు. ఆమె కళ్లు మూసుకుని, రెండు చేతులూ ముందుకు చాచి గాలిని పట్టుకుంది. పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఉంచి, ఒక కన్ను తెరిచింది. హ్యాండిల్‌కి జానెడు పైన తాడుతో అడ్డంగా కట్టిన చీపురు కర్రని చూసింది. పెదవి విరిచి మళ్లీ కళ్లు మూసుకుంది.

అతనికి నవ్వొచ్చింది, ముద్దూ వచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె ఏం చేసినా ముద్దుగానే ఉంది. పళ్లు తోముకుంటూనే పాడబోతుంది. చెప్పులు విప్పితే ఒకటి గుమ్మం దగ్గరా ఇంకొకటి మంచం కిందా తేలుతాయి. నిన్నటికి నిన్న ఉల్లిపాయ తరుగుతూ ఏడుస్తుంటే ఆ కన్నీళ్లు కూడా అందంగానే కనిపించాయి.

"ఏం చేస్తున్నావు డాక్టరమ్మా?" అని పైనుంచి కేకేశాడు. ఆమె పశువుల డాక్టరు.

ఆమె ఉలిక్కిపడి గబగబా తాడు విప్పేసింది. "ఏం లేదు! బండి దులుపుతున్నా!"

కళ్లు మూసుకుని బండి దులిపేవాళ్లని అతనెక్కడా చూడలేదు.

ఆ రోజంతా దుకాణంలో బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. ఆమె ఉన్న హ్యాండిల్ తీసేసి ఎత్తైనది వేయించబోతోంది, అంతవరకు అర్థమైంది. ఎవరికోసం? అదీ ప్రశ్న. అతని వృత్తిలో చిన్న మొహానికి చిన్న ఫ్రేము, పెద్ద మొహానికి పెద్ద ఫ్రేము. ఆ లెక్కన ఎత్తైన హ్యాండిల్ ఎత్తైన మనిషికి. ఆమె మునివేళ్ల మీద నిలబడితే అతని చెవి దాకా వస్తుంది. అతనికేమో సైకిలు తప్ప ఇంకేదీ తొక్కడం రాదు. పైగా ఎత్తుకంటే వెడల్పే ఎక్కువ. వెనక సీటుకి మాత్రం అతను మహారాజు. ఆమె నడుం చుట్టూ చేతులు వేసి, భుజం మీద గడ్డం ఆనించి, ఊరంతా తిరిగేవాడు.

ఇక మిగిలిన ఎత్తు మనిషి ఒక్కడే. జిరాఫీ.

జిరాఫీ ఆమె కాలేజీ సీనియరు. ఆమెతో కలిసి బైకుల మీద దేశం తిరిగిన బృందంలో పెద్ద. పెళ్లిలో ఫొటోకి నిలబడితే తల ఫొటోలో పట్టలేదు. ఏటా ఆ బృందం కొండదారిన ఒక ప్రయాణం చేస్తుంది. ఈసారి వచ్చే వారమే. "నిన్నూ తీసుకెళ్తా, చూద్దువుగాని ఆ మలుపులు" అని పెళ్లిచూపుల్లోనే ఆమె ఊరించింది. అతను కూడా రహస్యంగా ఒక మఫ్లరు, ఒక జత చేతితొడుగులు కొనుక్కుని బీరువాలో దాచుకున్నాడు. ఈమధ్య మాత్రం ఆ మాట ఎత్తితే ఆమె కూర మాడుతోందంటూ వంటింట్లోకి వెళ్లిపోతోంది.

ఇంటికి వచ్చేసరికి వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది. ఫోనులో ఉంది.

"నీ పాతది నాకిచ్చెయ్ జిరాఫీ. కుదిరితే ఉంచేసుకుంటా... ఊహూఁ, మా ఆయనకి చెప్పకు. తెలిస్తే ఆ మొహం నేను చూడలేను బాబూ."

అతను చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడిపోయాడు. ఆ మొహాన్ని గోడ అద్దంలో తనే చూసుకున్నాడు. నిజమే, చూడలేం.

ఆమె బయటికి వచ్చి అతన్ని చూసి ఒక్క క్షణం తడబడింది. తర్వాత పప్పు డబ్బా అతని చేతిలో పెట్టింది. "కాస్త మూత తీసి పెట్టవూ? అన్నట్టు శనివారం దుకాణం ఆలస్యంగా తెరువు. మావయ్య షెడ్డుకి వెళ్దాం. నువ్వు లేకపోతే పని జరగదు."

తను లేకపోతే జరగని పని షెడ్డులో ఏముంటుంది? పెద్దమనిషిని పక్కన పెట్టుకుని చెబుతుంది కాబోలు, నువ్వు ఇంటిదగ్గరే ఉండు, బండి జిరాఫీ నడుపుతాడు, నేను వెనక కూర్చుంటా అని. శనివారం దాకా అతనికి అన్నం సయించలేదు. సయించకపోయినా రెండోసారి వడ్డించుకున్నాడు, అది వేరే సంగతి.

ఆమె మేనమామ షెడ్డు ఆయన ఇంటి వెనకే ఉంది. గోడనిండా స్పానర్లు, నేలనిండా నూనె మరకలు. గోనెసంచి మీద మూడు హ్యాండిళ్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకటి కురచ, ఒకటి మధ్యరకం, మూడోది పాత పేపర్లో చుట్టిన ఆజానుబాహువు.

"రా అల్లుడూ! టిఫిను తిన్నావా? ఖాళీ కడుపుతో వస్తే కొలత తేడా వస్తుంది."

"నా కడుపుకీ కొలతకీ ఏం సంబంధం మావయ్యగారూ?"

మావయ్య మేనకోడలి వైపు చూసి మీసంలో నవ్వుకున్నాడు. ఆమె కళ్లతోనే వద్దని సైగ చేసింది. ఆ సైగని అతను చూడనే చూశాడు.

"ఆ పొడుగుది ఎవరిది?" అన్నాడు మామూలుగా అడుగుతున్నట్టు.

"జిరాఫీది. వాడి పాత బండిది," అంది ఆమె అటు తిరిగి.

మావయ్య నాలుగు బోల్టులు వదులు చేసి పాత హ్యాండిల్ పక్కన పెట్టాడు. జిరాఫీది బిగించాడు. ఆమె ఎక్కి పట్టుకుంటే చేతులు చెవుల ఎత్తుకి లేచాయి.

"ఏమే బుడతా, బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడుతున్నట్టున్నావు!"

"నువ్వేమో నవ్వు మావయ్యా. భుజాలు లాగేస్తున్నాయి."

ఇక అతను ఆగలేకపోయాడు. "నీకు లాగుతాయి. ఆయనకి సరిపోతుందిలే."

"ఏ ఆయనకి?"

"కొండదారిలో ఈ బండి నడిపే ఆయనకి."

ఆమె బండి దిగకుండానే వెనక్కి తిరిగింది. "నా బండి నడిపే ఆయన ఎవరు బాబూ? నా బండి స్టాండు కూడా ఇంకొకర్ని వెయ్యనివ్వనే!"

"మరి దాచడం దేనికి? కర్ర దాచావు, ఫోను దాచావు..."

మావయ్య పడీ పడీ నవ్వాడు. "ఓరి నీ అనుమానం పాడుగాను! ముందు వెనక సీటెక్కు. పిలిచింది అందుకే. నువ్వెక్కితే బండి వెనక కుంగుతుంది, ముందు లేస్తుంది. నువ్వు లేకుండా కొలిచి ఏం లాభం? పైగా ఇది బ్రేకు వేసినప్పుడల్లా నువ్వు జారి దీని వీపు మీద పడుతున్నావట. ఇద్దరి బరువూ పడి ఈ పిల్ల మణికట్లు నొప్పెడుతున్నాయి."

"మావయ్యా! చెప్పొద్దన్నానా?"

అతను ఆమె చేతుల వైపు చూశాడు. నెల్లాళ్లుగా ఇంట్లో ఉన్న ప్రతి డబ్బా మూతా తనే తీస్తున్నాడు. అది గారాబం అనుకుని మురిసిపోయాడు.

"మూతలన్నీ నాచేత తీయించింది అందుకా?"

"అన్నీ కాదు. కొన్ని ప్రేమతోనే," అంది తలొంచుకుని.

"చెబితే ఏమయ్యేది?"

"చెబితే 'నువ్వెళ్లి రా, నాకు దుకాణంలో పనుంది' అని పెద్ద త్యాగం చేసేవాడివి. అవునా, కాదా? హ్యాండిల్ కాస్త ఎత్తుగా, కాస్త నా వైపుకి వంగి ఉంటే నిటారుగా కూర్చోవచ్చు. అప్పుడు బరువు చేతుల మీదికి రాదు. చడీచప్పుడు లేకుండా మార్చేద్దామనుకున్నా."

అతను సరిగ్గా అదే అనేవాడు.

"ఇదీ కుదరకపోతే?"

జవాబు మావయ్య ఇచ్చాడు. "కుదరకపోతే అది బండి మీద, నువ్వు బస్సులో."

మధ్యరకం హ్యాండిల్ ఎక్కించారు. క్లచ్ కేబుల్ చాల్లేదు. మావయ్య పొడవుది తెచ్చి మార్చాడు. ఇంజను ఆన్ చేసి హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పేసరికి, ఎవరూ యాక్సిలరేటరు ముట్టుకోకుండానే బండి గర్జించింది.

"ఆపు మావయ్యా! యాక్సిలరేటరు వైరు బయటి పక్కనుంచి లాగావు. తిప్పితే బిగుస్తోంది. మలుపులో ఇలా అరిస్తే మా ఇద్దరికీ బస్సు కూడా అక్కర్లేదు."

మావయ్య తల గోక్కుని, వైరు విప్పి లోపలి పక్కనుంచి తెచ్చాడు. మళ్లీ ఎడమకీ కుడికీ తిప్పారు. ఇంజను బుద్ధిగా ఒకే గొంతుతో ఉంది.

"ఎలా ఉంది?" అన్నాడు మావయ్య, అతన్ని వెనక సీటెక్కించాక.

"బాగుంది."

అతను నమ్మలేదు. దుకాణంలో మొహమాటానికి 'బాగా కనిపిస్తోంది' అనేవాళ్లని రోజూ చూస్తుంటాడు. "కళ్లు మూసుకో," అన్నాడు వెనక కూర్చునే. "మావయ్యగారూ, ఒక వెంట్రుక వెనక్కి వంచండి. ఆఁ. డాక్టరమ్మా, ఇది బాగుందా? ఇప్పుడు ముందుకి... ఇది బాగుందా? మొదటిదా, రెండోదా?"

"రెండోది... కాదు కాదు, మొదటిది."

"మళ్లీ చూపిస్తా. తొందరేం లేదు."

"మీ దుకాణానికి వచ్చేవాళ్ల ఓపికకి దణ్ణం పెట్టాలి," అంటూనే మావయ్య అతను చెప్పినట్టల్లా వంచాడు. ఆమె మూడుసార్లు ఒకేదాన్ని ఎంచుకున్నాక అతను సరేనన్నాడు. బోల్టులు బిగిశాయి.

సందులో కొంతదూరం వెళ్లి ఆమె గట్టిగా బ్రేకు వేసింది. అతను జారి వీపుకి అంటుకుపోయాడు.

"నొప్పి?"

"చాలా తగ్గింది."

"తగ్గిందా, పోయిందా?"

ఆమె నిట్టూర్చింది. "నువ్వు ఒక పని చెయ్యాలి. ఏమీ అనుకోకు. నన్ను పట్టుకోకుండా నీ వెనక ఉన్న కడ్డీ పట్టుకో."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ అన్నానా? దిగుడులో, బ్రేకు వేసేటప్పుడు. మిగతా దారంతా నా నడుం ఎక్కడికీ పోదు."

అతను చేతులు వెనక్కి పెట్టి కడ్డీ బిగించి పట్టుకున్నాడు. మళ్లీ బ్రేకు. అతను కదల్లేదు. ఆమె రెండు చేతులూ హ్యాండిల్ మీద తేలిగ్గా, పిట్టలు వాలినట్టు ఉన్నాయి.

"పోయింది!" అని అరిచింది. "నిజంగా పోయింది! వస్తున్నావు, నువ్వు వస్తున్నావు నాతో!"

అతనికి గాల్లోకి ఎగరాలనిపించింది. ఎగరడానికి ముందు చిన్న ఇబ్బంది వచ్చింది. వెనక్కి విరిచి పట్టుకున్నందుకు కుడి భుజం కలుక్కుమంటోంది.

ఆమె పక్క అద్దంలోంచి అతని మొహం చూసి బండి వేగం తగ్గించింది. "ఏమైంది? నొప్పా?"

"నాకా? ఛ, ఛ. లేదే."

ఆమె కళ్లు చిన్నవి చేసి, అద్దాన్ని అతని మొహం పూర్తిగా కనిపించేలా తిప్పుకుంది.