బుధవారం మధ్యాహ్నం

యూనివర్సిటీ మారి వచ్చినందుకు నాకు దక్కిన గౌరవం, చెల్లెలి కన్నా ఒక ఏడాది వెనక కూర్చోవడం. వేరే ఊళ్ళో రెండేళ్ళు చదివాను. నాన్నకు పక్షవాతం రావడంతో ఇంటికి వచ్చేసి, చెల్లి చదివే చోటే చేరాను. అక్కడ పాసైన సబ్జెక్టులు చాలావరకు ఇక్కడ చెల్లవన్నారు. మళ్ళీ మొదటి సంవత్సరమే.

"ఏం జూనియర్, క్యాంటీన్ ఎటో చూపించనా?" అంది చెల్లి. పళ్ళు నూరాను.

అమ్మ ఎప్పుడో పోయింది. వంటగది బల్ల మీద ఇద్దరి టైమ్‌టేబుళ్ళూ పరుచుకుని కూర్చున్నాం. మా నియమం ఒక్కటే, ఎప్పుడూ ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండాలి. నాన్న లిఫ్టుల మెకానిక్. ఎంతెత్తు మేడల్లోనైనా తాడు పట్టుకుని వేలాడుతూ పనిచేసిన మనిషి, పోయిన నెల బాత్రూమ్ గుమ్మంలో పడి, నేను కూరగాయలు కొని తిరిగొచ్చేదాకా లేవలేక అక్కడే ఉండిపోయాడు. ఆయన్ను ఒంటరిగా వదలాలంటే నాకు ఇప్పటికీ భయమే.

అన్నీ కుదిరాయి, ఒక్క ఫిజిక్స్ ల్యాబ్ తప్ప. అది బుధవారం మధ్యాహ్నమే. చెల్లికి కూడా సరిగ్గా అప్పుడే తప్పించుకోలేని క్లాసు. ల్యాబ్ ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ వచ్చే ఏడాదేనని, ఈలోగా మిగతా సబ్జెక్టులు కూడా ఆగిపోతాయని ఆఫీసులో మేడమ్ ముందే చెప్పింది.

"నేను మానేస్తాలే," అంది చెల్లి.

"మానేసి? నువ్వూ వచ్చి నా పక్కన కూర్చుంటావా?"

"పోనీ, పక్కింటి ఆంటీని..."

"ఆవిడ డ్యూటీకి పోదూ?"

"ఇద్దరూ... వెళ్ళండి." ముందు గదిలోంచి నాన్న గొంతు. జబ్బు చేసినప్పటి నుంచి మాటలు ఒక్కొక్కటే కూడదీసుకుని వస్తాయి.

"నువ్వూరుకో నాన్నా," అన్నాను.

ఆయన కర్ర అందుకుని లేచాడు. పెదవి కొరుక్కుంటూ బాత్రూమ్ దాకా నడిచాడు, తిరిగి వచ్చాడు. మేం పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు.

"చూశారుగా. నేనేమన్నా పసిపిల్లాణ్ణా? పొద్దస్తమానం మీ కాపలాతో... చస్తున్నా. ఆ ఒక్క పూటయినా... నా మానాన నన్ను వదలండి."

నాకు చురుక్కుమంది. నా కోపం కూడా ఆయన నుంచి వచ్చిందే, ఎక్కడికి పోతుంది? "సరే, ఉండు అయితే," అని బుధవారం గడిలో కాగితం చిరిగేలా ల్యాబ్ అని రాశాను.

మొదటి బుధవారం కుర్చీ పక్కన ఫోనూ గ్లాసుడు నీళ్ళూ పెట్టి బయల్దేరాం. ల్యాబ్‌లో లోలకం ఊగుతుంటే లెక్క మాటిమాటికీ తప్పాను. మధ్యలో బయటికొచ్చి ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నా, పెట్టెయ్," అని విసుక్కున్నాడు. గంట కొట్టగానే పరుగున ఇంటికొచ్చాను.

నాన్న అదే కుర్చీలో ఉన్నాడు. కిటికీలోంచి ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. చొక్కా తడిసి ముద్దయింది. లేచి రెండడుగులు వేస్తే తెర అందుతుంది, వెయ్యలేదు. కర్ర నేను గోడకు ఆనించిన చోటే ఉంది. గ్లాసులో నీళ్ళు నిండుగా అలాగే ఉన్నాయి.

"ఏంటిది నాన్నా? కనీసం నీళ్ళయినా తాగొచ్చుగా," తెర లాగుతూ కసిరాను.

"తాగితే... లేవాల్సొస్తుంది కదమ్మా."

తెర సగంలోనే వదిలేసి ఆయన వైపు తిరిగాను.

"లేస్తే పడతానేమోనని... భయం. పడితే... నీ క్లాసు పోతుంది." నా భుజాన సంచీ చూసి అడిగాడు. "ల్యాబ్... అయిందా?"

"అయింది నాన్నా."

ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు. పక్కన కూలబడి గ్లాసు నోటికి అందించాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగకుండా తాగాడు.