మలుపు తిరగని ఫియట్

ఉక్కు ఫ్యాక్టరీలో ఉమాశంకర్ ఉద్యోగం కొలతలు తనిఖీ చేయడం. మిల్లీమీటరు తేడా ఉన్నా కంటితోనే పట్టేస్తాడని పేరు. ఆ పేరు ప్రచారం చేసిందీ ఆయనే. అంతటి మనిషి 2003లో తన అరవైనాలుగు మోడల్ ఫియట్‌కి చక్రాలు కొన్నప్పుడు మాత్రం దేన్నీ కొలవలేదు.

బీచ్ రోడ్డులో పాత కార్ల ఊరేగింపు ఉందని తెలిశాక, ఫియట్ సన్న టైర్లు ఆయనకు నామోషీ అనిపించాయి. పాతనగరంలో చక్రాల కొట్టు నడిపే మొహియుద్దీన్‌ని వెడల్పాటి అల్లాయ్ చక్రాలు అడిగాడు.

"ఇవి కొత్త మోడల్ బండివి సార్." మొహియుద్దీన్ చక్రాన్ని బోర్లా పడుకోబెట్టి, వెనక అంచు మీద అడ్డంగా ఓ బద్ద పెట్టాడు. "ఈ బద్ద నుంచి బోల్టులు బిగించే చోటికి ఉన్న లోతే బ్యాక్‌స్పేసింగ్. ఎక్కువైతే చక్రం లోపలికి పోయి రాసుకుంటాది. తక్కువైతే బయటికొచ్చి మడ్‌గార్డుని కొరికేత్తాది. ముందు మీ పాత చక్రం కొలిసి రండి."

"కొలతలు నువ్వు నాకు నేర్పుతావా?" అని ఉమాశంకర్ చక్రాలు పట్టుకెళ్లిపోయాడు.

ఊరేగింపు రోజు పొద్దున్నే బిగించాడు. బోల్టులు పట్టాయి, అంతకంటే శాస్త్రం ఏముంటుంది?

"బోదకాలు వచ్చినట్టుందండి," అంది భార్య నాగమణి కారెక్కుతూ.

పెద్ద మలుపుల్లో కారు బుద్ధిగానే నడిచింది. కాళీమాత గుడి దగ్గర ముందున్న కార్లన్నీ వెనక్కి తిరిగాయి. ఉమాశంకర్ పూర్తిగా తిప్పబోతే టైరు లోపల కర్రుమంది, స్టీరింగు సగంలో ఆగింది, రబ్బరు కాలిన వాసన వచ్చింది. వెనక హారన్లు మోగుతున్నాయి. పరువు కాపాడుకోవడానికి నేరుగా పోనిచ్చాడు. వెనకున్న మూడు కార్లవాళ్లు దారి అదే కాబోలని నమ్మి అనుసరించారు.

నాలుగు కార్లూ వరసగా ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం దగ్గర ఆగాయి.

"ఏటి బాబూ, పెల్లోరా?" అంది బుట్ట దించుకుంటూ చేపలమ్మే పాపాయమ్మ.

వెనక కారులోంచి తలపాగా పెద్దమనిషి ఒకాయన దిగి, "బహుమతులిచ్చేది ఇక్కడేనాండీ?" అని అడిగాడు. ఉమాశంకర్ సముద్రం వైపు చూశాడు.

నాగమణి ఓ వంజరం చేప బేరమాడి కొని, ఆటో పిలిచింది. "ఆటో ఎటంటే అటు తిరుగుతుందండి," అని చెప్పి వెళ్లిపోయింది.

కబురందుకుని మొహియుద్దీన్ పాత చక్రాలతో వచ్చాడు. రెండింటి మీదా బద్ద పెట్టి చూపించాడు. పాతది మూడున్నర అంగుళాలు, కొత్తది ఐదు. "అంగుళమున్నర లోపలికి పోయింది సార్," అన్నాడు. ఆనాడు చెప్పిన మాట ఎత్తకుండా జాకీ అందుకున్నాడు. ఆ మర్యాదే ఉమాశంకర్‌కి ఎక్కువ గుచ్చుకుంది.

చివరికి పాత చక్రాలకే ఒక సైజు పెద్ద టైర్లు మొహియుద్దీనే ఎంచి వేశాడు. ఫియట్ అన్నివైపులా తిరిగింది. ఆ సైజు తానే లెక్కగట్టానని ఉమాశంకర్ షిఫ్టంతా చెప్పుకున్నాడు. ఆ మాట విని నలుగురు తమ పాత బండ్లతో కొట్టుకి రావడంతో మొహియుద్దీన్ కూడా కాదనలేదు.