పాసైన చెరువు

ఫోన్ మోగేసరికి నేను మా ఆయన చొక్కాలని రంగుల వరుసలో మడతపెడుతున్నాను. పెళ్లయి నలభై రోజులే కాబట్టి అది పనిలా కాక ఆటలా ఉంది.

"చెరువు పాసైంది," అన్నారాయన.

"మన చెరువా?"

"మనదే. ఫస్టు క్లాసులో."

మా ఆయన నీళ్లు పరీక్షించే ల్యాబులో కెమిస్టు. పెళ్లికి ముందు నాతో చెప్పుకున్న ఒకే ఒక్క గొప్ప, "మా కిటికీ తీస్తే చెరువు" అని. అందులో అబద్ధం లేదు. కిటికీ తీయకూడదన్న సంగతే చెప్పడం మర్చిపోయారు. అవతలి ఒడ్డున బట్టలకి రంగులద్దే ఫ్యాక్టరీ ఉంది. వాళ్లు ఏ రంగు అద్దితే ఆ వారం చెరువుది అదే రంగు. గాలి ఇటు తిరిగితే నురగ మా మెట్లెక్కి, చుట్టంలా గుమ్మం దగ్గర ఆగుతుంది. మా పెళ్లిఫోటోకి స్నేహితురాళ్లిచ్చిన వెండి ఫ్రేము పది రోజుల్లో నల్లబడింది. అందులో మేమిద్దరం బొగ్గు గనిలో పెళ్లి చేసుకున్నట్టుంటాం.

అయినా పాసైందన్నారు కదా. పరుగున వెళ్లి కిటికీ తీశాను. గుండెల నిండా పీల్చాను. మూసేశాను.

"ఏంటమ్మా ఆ వాసన? ఏం మాడింది?" వంటింట్లోంచి అత్తయ్య.

"ఏదీ మాడలేదత్తయ్యా. చెరువు పాసైందట."

"దేనిలో, కంపులోనా?"

సాయంత్రం ఆయన రిపోర్టు తెచ్చారు. నేనూ కెమిస్ట్రీ చదివినదాన్నే. మా ఇద్దరి మధ్య ముద్దుమాటలకి కూడా యూనిట్లుంటాయి. ఒకే కుర్చీలో ఇరుక్కుని చదవడం మొదలుపెట్టాం. రంగు లేదు, వాసన లేదు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములు. చేపలు పాటలు పాడుకోవచ్చు. చివర్న ఇంకో గడి.

"ఏమండీ, చెరువులోకి క్లోరిన్ ఎలా వచ్చింది?"

ఆయన కాగితం లాక్కున్నారు. కొళాయి నీళ్లలో కలిపే మందది. మా చెరువులాంటి మురికిలో పడితే అరగంట కూడా మిగలదు.

"పరీక్ష చేస్తున్నంతసేపూ నీకు మెసేజులు పెడుతున్నాను," అన్నారు నెమ్మదిగా. "అంకె రాశాను. చూడలేదు."

ఆ మెసేజులు నా ఫోన్లోనే ఉన్నాయి. ఒకదానిలో ఉత్త గులాబీలే.

నమూనాలు పట్టుకొచ్చే అతనికి ఫోన్ చేశారు. స్పీకర్లో పెట్టారు.

"అక్కడ నిలబడలేం సార్, కళ్లు మండిపోతాయి. ఆఫీసు వెనకాల కొళాయిలో పట్టాను. నీళ్లు నీళ్లే కదా సార్."

తర్వాత ల్యాబు పెద్దసారుకి చేశారు. పెద్దసారు అంతా ఓపిగ్గా విన్నారు.

"సీసా మీద ఏమని రాసుంది బాబూ?"

"చెరువు అని సార్."

"మరి చెరువే. రేపు పదింటికి ఒడ్డున వేదిక. మూడు వేల చేపపిల్లలు వస్తున్నాయి, వదులుతాం. నువ్వు రిపోర్టు చదివి, ఫోటోవాళ్ల ముందు సంతకం పెట్టాలి. నేను ఒక గ్లాసు చెరువు నీళ్లు తాగుతాను. గ్లాసు నువ్వే పట్టుకురా. నమూనా ఎక్కడ పట్టారో అక్కడే పట్టు, అర్థమైందిగా? కొత్తగా పెళ్లయినవాడివి, ఉద్యోగం జాగ్రత్త."

ఫోన్ పెట్టేశాక కాగితం మళ్లీ ముందుకి లాక్కున్నాం. సంతకం గడి ఖాళీగా ఉంది. అందులో మా ఆయన పేరు పడగానే మూడు వేల చేపపిల్లలు ఆ నురగలోకి దిగుతాయి. మధ్యాహ్నానికి తెల్లటి పొట్టలు పైకి తేలతాయి. వాటికి రిపోర్టు చదవడం రాదు పాపం.

"పెట్టకపోతే?" అన్నాను.

"ఎక్కడో మారుమూలకి బదిలీ చేస్తారు."

"అక్కడ కిటికీ తీయొచ్చా?"

ఆయన నవ్వారు. ఆ నవ్వు కోసం నేను ఇంకో నాలుగు బదిలీలైనా తట్టుకుంటాను.

"వెళ్లే ముందు మాత్రం ఆ గ్లాసు మీ సారుకి ఇచ్చి వెళ్లరా," అంది అత్తయ్య గుమ్మంలోంచి. మొత్తం వింది. "మంచిది, పెద్ద గ్లాసు ఇస్తాను. పెద్దమనిషికి కొంచెమే ఇస్తే ఏం బాగుంటుంది?"

మా ఆయన లేచి బల్ల సొరుగులోంచి రెండు చిన్న మందు సీసాలు తీశారు. ఈ రెండు మందులూ రెండేసి చుక్కలు వేస్తే, ఆక్సిజన్ ఉన్న నీళ్లలో గోధుమరంగు మడ్డి అడుగుకి దిగుతుంది. లేని నీళ్లలో తెల్లగా ఉండిపోతుంది. అది చూడ్డానికి చదువక్కర్లేదు, కళ్లుంటే చాలు.

"చేపల లారీ ఎనిమిదింటికే వస్తుంది," అన్నారు. "ఆ డ్రైవరు కళ్లెదుటే చెరువు నీళ్లలో వేసి చూపిస్తాను. తెల్లగా ఉంటే అతనే లారీ వెనక్కి తిప్పుకుంటాడు, చేపలు చస్తే ముందు అతన్నే అడుగుతారు."

"పెద్దసారు గ్లాసు?"

"చెరువులోనే ముంచుతాను. చెరువు అని రాసుంది కదా. అందరి ముందూ చేతికిస్తాను."

"ఆయన తాగరు."

"అదే నా రిపోర్టు. తాగలేదని రాసి, అప్పుడు సంతకం పెడతాను, దాని కింద."

అత్తయ్య గాజు గ్లాసుని తళతళా తోమి బల్ల మీద బోర్లించింది. నేను రబ్బరు బూట్లు రెండు జతలు గుమ్మం దగ్గర పెట్టాను, ఆయనవి, పక్కన నావి. ముద్దొచ్చాయి.

"అలారం ఆరింటికి పెట్టు," అన్నారాయన. "ఇద్దరం వెళ్దాం."