లగ్నం తప్పిన కంప్యూటర్

విడిభాగాలు కొనుక్కుని కంప్యూటర్ సొంతంగా బిగించుకునే కుర్రాళ్ళకి తాడేపల్లిగూడెం ఇంజనీరింగ్ కాలేజీలో విశ్వనాథ్ మాటే వేదం. "ప్రాసెసర్ స్పీడు ఒక్కసారిగా పెంచకండ్రా. కొంచెం పెంచి, టెస్టు ప్రోగ్రాం పెట్టి, పూటంతా తిరగనివ్వండి. వేడి చూసుకోండి. అప్పుడే మళ్ళీ పెంచండి" అని జూనియర్లకి చిలక్కి చెప్పినట్టు చెప్పేవాడు. ఏలూరులో సొంత ఇంట్లో ఉన్న కంప్యూటర్ పెట్టెకి మాత్రం ఈ నియమాలేవీ పట్టలేదు. వేసవి సెలవులకి వచ్చి ఒకే ఊపున స్పీడు పెంచేశాడు. పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టాడు. ఆటలు పరుగెత్తాయి, ఎక్కడా హ్యాంగ్ కాలేదు. హ్యాంగ్ కాకపోతే అంతా బాగున్నట్టే అనుకుని, టెస్టు ఊసే ఎత్తలేదు. చదువుకున్నవాడి తెలివి ఒక్కోసారి అలాగే తగలడుతుంది.

ఆ పెట్టె మీదే తండ్రి శివరామయ్యగారు జాతకాలు వేసేవారు. ఆయన పురోహితులు. చూపు మందగించాక చేత్తో లెక్కలు కట్టడం మానేసి, కొడుకు పెట్టిచ్చిన ప్రోగ్రాంని నమ్ముకున్నారు. "మావాడు కట్టిన మిషనండీ, పొల్లు పోదు" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుని మురిసిపోయేవారు.

దసరా వెళ్ళాక ఒక ఆదివారం ఆకివీడు నుంచి హనుమంతరావుగారు వచ్చారు. ఆయన కూతురు సుమన అక్కడి బళ్ళో టీచరు. ఆమె జాతకం వేసవిలో ఇక్కడే వేయించారు. కుజదోషం ఉందని తేలి, భీమవరం సంబంధం వెనక్కి పోయింది. దోషం పోవడానికి శివరామయ్యగారే స్వయంగా వెళ్ళి, ఆ పిల్లకి అరటిచెట్టుతో పెళ్ళి చేయించి, చెట్టు నరికించి వచ్చారు. ఇప్పుడు ఇంకో సంబంధం చూస్తున్నామనీ, జాతకం మరో కాపీ కావాలనీ హనుమంతరావుగారు అడిగారు.

ఆదివారమని ఇంటికొచ్చిన విశ్వనాథే వివరాలు కొట్టాడు. కాగితం బయటికొచ్చింది. హనుమంతరావుగారు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసి, "ఏవండీ పంతులుగారూ, అప్పుడు మేషలగ్నం అన్నారు, ఇప్పుడు వృషభం అని వచ్చిందేంటండీ?" అన్నారు.

శివరామయ్యగారు సుమన పుట్టిన ఏటి పంచాంగం తీయించి, భూతద్దం పట్టుకుని, చాలాసేపు చేత్తో లెక్క కట్టారు. వృషభమే. కుజుడు ఏడో ఇంట లేడు, ఆరో ఇంట ఉన్నాడు. అసలు దోషమే లేదు.

"గ్రహాలు నిలకడగానే ఉన్నాయిరా. నీ పెట్టెకే నిలకడ లేదు" అన్నారు కొడుకుతో.

విశ్వనాథ్‌కి అప్పుడు తట్టింది. మితిమీరి పరుగెత్తించిన ప్రాసెసర్ ఆగిపోనక్కర్లేదు, చప్పుడు చెయ్యకుండా ఒక్కోసారి లెక్క తప్పుతుంది, అందులోనూ ఎండాకాలం వేడికి. దాన్ని పట్టుకోవడానికే ఆ టెస్టు. ఈ సంగతి పదిమందికి చెప్పినవాడు తనే. సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ మధ్యాహ్నమే హనుమంతరావుగారి వెంట కైకలూరు మీదుగా బస్సులో ఆకివీడు వెళ్ళాడు.

సుమన అరుగు మీద నిలబడి అంతా విన్నది. "అయితే నాకు ఏ దోషమూ లేదన్నమాట" అంది.

"లేదండీ. తప్పంతా నాది. క్షమించండి."

"నాకు చెబితే ఏం లాభమండీ? నన్ను అరటిచెట్టు పక్కన కూర్చోబెట్టినప్పుడు వీధి వీధంతా వచ్చి చూసింది. నా దగ్గర చదువుకునే పిల్లలు గోడెక్కి మరీ చూశారు. వాళ్ళకి చెప్పండి."

న్యాయమే కదా. విశ్వనాథ్ వీధిలోకి దిగాడు. ఎదురింటి రత్నమాణిక్యంగారు వచ్చారు. ఆవిడ వెనకే ఇంకో నలుగురు చేరారు. ప్రాసెసరూ, స్పీడూ అంటే వాళ్ళకేం అర్థమవుతుంది? "నేను కంప్యూటర్ని పాడుచేశానండీ. అది తప్పు చెప్పింది. సుమనగారి జాతకంలో ఏ దోషమూ లేదండీ" అన్నాడు గట్టిగా.

రత్నమాణిక్యంగారు జాలిగా తల ఊపారు. "మంచి మనసు బాబూ నీది. ఆడపిల్ల గురించి అలాగే చెప్పాలి మరి. అయినా దోషం లేకపోతే మీ నాన్నగారంతటి వారు వచ్చి చెట్టుతో పెళ్ళెందుకు చేయిస్తారు?"

మిగతావాళ్ళు ఔనౌనన్నారు. విశ్వనాథ్ మళ్ళీ చెప్పాడు, ఇంకా గట్టిగా చెప్పాడు. ఎంత గట్టిగా చెబితే వాళ్ళకి అంత జాలి పెరిగింది. సుమన కాసేపు చూసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.