వెనక వచ్చే వ్యాను

“ఫ్లాస్కు మూత గట్టిగా బిగించావా? పోయినవారం టీ కారి లెంపెర్లన్నీ నానిపోయాయి,” అన్నాడు హార్దోనో, వ్యాను పక్కద్దం ముందు హెల్మెట్ పట్టీ సర్దుకుంటూ.

నేనప్పుడు వ్యాను వెనక వంగి, అరటిపళ్ళ గెలకి చోటు వెతుకుతున్నాను. నీళ్ళ క్యాన్లు, గాలిపంపు, ట్యూబులు, కాళ్ళు పట్టేస్తే రాసుకునే నూనె, లెంపెర్ల బుట్ట అన్నీ నా చేత్తో సర్దినవే. కోడిమాంసం ఉడికించి, పీచులు తీసి, జిగురన్నం మధ్యలో పెట్టి అరటాకులో లెంపెర్లు చుట్టడం తెల్లవారకముందే అయిపోయింది. బిగించానండీ అన్నాను.

బంతుల్ ఊళ్ళో మా ఆదివారం సైకిలు క్లబ్బు తెలియనివాళ్ళు లేరు. అధ్యక్షుడు మా ఆయన. దారులు వెతికేది నేను. అత్తయ్యతో సంతకని చెప్పి మోటారుసైకిలు మీద బయల్దేరి, ఏ వంతెన దగ్గర రోడ్డు తవ్వేశారో, ఏ మలుపులో కుక్కలు వెంటపడతాయో, అంతమంది కూర్చునేంత నీడ ఎక్కడుందో చూసొచ్చి, అన్నం వడ్డిస్తూ ఆయనకి చెప్తాను. ఆదివారం పొద్దున్నే ఆయన అందరి మధ్యా నిలబడి, “ఈసారి మీకోసం కొత్త దారి కనిపెట్టాను!” అంటాడు. చప్పట్లు కొడతారు. నేనూ కొడతాను.

‘బు’ అంటే అమ్మగారు. అందరికీ నేను బు హార్దోనోని, హార్దోనోగారి ఇల్లాలిని. వాళ్ళ మొహాలకన్నా వాళ్ళ వీపులే నాకు బాగా తెలుసు. మొదటి గేరులో, అందరికన్నా వెనక, అలిసిపోయినవాళ్ళకోసం చూసుకుంటూ నడుపుతాను కదా. గాలి వాళ్ళ చొక్కాల్లోకి దూరి బుంగల్లా ఉబ్బిస్తుంటే ముందద్దంలోంచి చూస్తూ ఉంటాను. దిగుడు వస్తే పెడళ్ళు తొక్కడం మానేసి ఒక్కసారిగా కేక పెడతారు. ఆ కేక వినపడినప్పుడల్లా నా కాలు బ్రేకు మీదే ఉన్నా లోపల ఏదో ముందుకి జారిపోతుంది. పెళ్ళికి ముందు ప్రోగో నది పక్కన మా ఊళ్ళో నాన్న నల్ల సైకిలు తొక్కేదాన్ని. సీటు అందక కమ్మీ కిందుగా కాలు దూర్చి తొక్కడంతో మొదలుపెట్టి, కాలవగట్టు మీద రెండు చేతులూ వదిలేసి పోయేదాకా వచ్చాను. ఆ పిల్ల ఎక్కడికి పోయిందా అని వ్యాను నడుపుతూ ఎన్నిసార్లు అనుకున్నానో.

క్లబ్బు పెట్టిన కొత్తలో నేనూ వస్తానన్నాను. హార్దోనో కాదనలేదు. ఆయన ఎప్పుడూ దేన్నీ కాదనడు. “నువ్వు వెనకుంటేనే కదా మాకు ధైర్యం,” అన్నాడు. అత్తయ్య మాత్రం దాచుకోలేదు. “ముసుగు ఎగిరిపోతూ, కుక్కలా వగరుస్తూ నలుగురిలో తిరుగుతావా? మనవల్ని ఎత్తుకునే వయసులో!” అంది. ఆవిడే చుట్టాల ముందు, “మా కోడలి లెంపెర్ల కోసమే సగం మంది వస్తారు,” అని మురిసిపోయేది. నా వయసు సైకిలెక్కడానికే అడ్డం, పొయ్యి దగ్గర కూర్చోడానికి కాదు.

ఆ ఆదివారం మంగునన్ గుట్ట ఎక్కుతున్నాం. సగం దూరంలో బు సుమర్తినా సైకిలు దిగి రోడ్డు పక్కన కూలబడింది. రిటైరైన నర్సు, గట్టి మనిషి. వ్యాను ఆపాను.

“మోకాలు నా మాట వినట్లేదమ్మా.”

“మీరు ఎక్కండి, సైకిలు వెనక పెడతాను.”

ఆవిడ కదల్లేదు. నేను హ్యాండిల్ పట్టుకున్న తీరు చూస్తూ ఉంది. “నీకు తొక్కడం వచ్చు కదూ?” అంది.

“ఎప్పుడో. ఇప్పుడు వ్యాను ఉంది కదా.”

“ఆరోగ్యకేంద్రం జీపు ఈ గుట్టల్లోనే నడిపి నడిపి ముసల్దాన్నయ్యాను. ఈ వ్యాను నాకో లెక్కా? తాళాలిటివ్వు.” వ్యానెక్కి తలుపేసుకున్నాక కిటికీలోంచి తల బయటపెట్టింది. “ఇన్నాళ్ళూ అడగనేలేదు. నీ పేరేంటి అమ్మాయ్?”

“వినార్సిహ్.”

“వినార్, తేలిక గేరు వేసుకో. తొందరేం లేదు.”

వ్యాను నన్ను దాటి వెళ్ళిపోయింది. దాన్ని వెనకనుంచి చూడటం వింతగా ఉంది. మొదట తూలాను. తొడలు మండాయి, గొంతు ఎండిపోయింది. ఒక మలుపు దగ్గర దిగి తోసుకుంటూ నడిచాను. గడ్డిమోపుతో వస్తున్న ఒకావిడ, “ఇంకెంత, వచ్చేశారు!” అని నవ్వింది. మళ్ళీ ఎక్కాను. శిఖరానికి ముందు చిన్న దిగుడు. దారి వెతికిన రోజు మోటారుసైకిలు మీద దాన్ని గమనించనైనా లేదు. ఇప్పుడు సైకిలే నన్ను ఎత్తుకుపోయింది. ముసుగు చెవుల దగ్గర పటపటా కొట్టుకుంది. ఎవరి దాహమూ, ఎవరి ఆకలీ నా వెనక లేవు. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, గాలికో మరి దేనికో. కేక మాత్రం నాదే.

పైకి చేరేసరికి అందరూ టీలు తాగేసి ఉన్నారు. తమంతట తామే పోసుకున్నారు.

“మా ఆవిడకి చిన్నపిల్ల ముచ్చట పుట్టింది!” అన్నాడు హార్దోనో గట్టిగా. “గ్లాసు చేతికిచ్చే దిక్కులేకుండా చేసింది మమ్మల్ని!”

నవ్వారు. నేనూ నవ్వాను.

“అంత ఇష్టమైతే సాయంత్రాలు మన సందులో తొక్కుకో. నేనెప్పుడైనా వద్దన్నానా?” అన్నాడు ఇంట్లో, ఎంతో మంచిగా. కోప్పడినా బాగుండేది. కోపానికైతే ఏదో ఒకటి అనొచ్చు.

ఆ వారమంతా తొడలు పచ్చిపుండులా సలిపాయి. గిన్నెలు తోముతూ, అత్తయ్య కాళ్ళు పడుతూ ఆ నొప్పినే తలుచుకున్నాను. నూనె రాయలేదు. అది తగ్గిపోతే గుట్ట కూడా నాలోంచి పోతుందని భయం. బు సుమర్తినా మోకాలు నయమయ్యేదాకా సోలో పట్నంలో కూతురి దగ్గర ఉంటానని వెళ్తూ, సైకిలు మా వాకిట్లో వదిలింది. “ఊరికే పెడితే తుప్పు పడుతుంది. నువ్వు తొక్కు,” అంది.

ఆదివారం జనం మా వాకిట్లో పోగయ్యారు. వ్యాను ఎప్పటిలాగే సర్దాను. హార్దోనో మాట్లాడటం అయ్యాక, నావైపు చూడకుండానే తాళాలు పట్టుకున్న చెయ్యి చాచాడు. అవి గాల్లోనే ఉండిపోయాయి. నేను సైకిలు స్టాండు తీశాను.

ఎవరో మెల్లగా, “హార్దోనోగారూ, మీకూ వ్యాను నడపడం వచ్చుగా?” అన్నారు.

ఆయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “ఇప్పుడు వెనక ఎవరొస్తారు?”

“తెలీదండీ,” అన్నాను.

నిజంగానే తెలీదు. ఈ క్లబ్బులో నాకు తెలియని సంగతి ఒకటుండటం అదే మొదటిసారి.