తొమ్మిదీ పది

ఊరొదిలి బెంగాల్ వచ్చి గార్డెన్ రీచ్ బస్తీలో ఉండే జగ్గమ్మకి చదువు రాదు గానీ, బస్సుల నంబర్లు చూసి చూసి అంకెలు మాత్రం వచ్చు. అందుకే కూతురు సుజన తన ఫోనులో ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ పెట్టి చూపించిన రోజు, ఆవిడ కళ్ళు బెంగాలీ అక్షరాలు వదిలేసి పక్కనున్న టైము మీద పడ్డాయి.

“పేపరోళ్ళ సైట్లన్నీ తిరగక్కర్లేదమ్మా. ఆళ్ళ ఫీడ్ అడ్రసు ఒక్కసారి ఇందులో పెడితే చాలు. కొత్త కబురొస్తే హెడ్డింగు మనకాడికే వస్తాది.”

“పాలోడు గుమ్మంలో పోసెల్లినట్టు.”

ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఆ ఫీడ్ చూస్తూనే సుజన అమ్మని కేకేసింది. ఓడలు ఆగే జెట్టీలో క్రేన్ తాడు తెగిందట. ఇద్దరికి దెబ్బలు, ఆసుపత్రికి తీసుకుపోయారు. పేర్లు లేవు. జగ్గమ్మ మొగుడు బైరాగి పనిచేసేది ఆ జెట్టీలోనే.

ఫోన్ చేశారు. మోగింది, ఎత్తలేదు. పనిలోకి దిగేవాళ్ళంతా ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో వేసి పోవాలి మరి.

“థామో, ఆగమ్మా, టైము చూడు,” అంది సుజన. “తొమ్మిదీ పది. నాన్న రెండింటి షిఫ్టుకి కదా ఎల్లాడు! ఇది పొద్దుటోళ్ళది.”

జగ్గమ్మకి ఊపిరొచ్చింది. ఎవరి బిడ్డలో పాపం అనుకుంటూ చేటలో బియ్యం పోసుకుంది. నాలుగు రాళ్ళు ఏరిందో లేదో, చెయ్యి ఆగిపోయింది.

“ఓలె, పన్నెండు దాకా మీ అయ్య టీ కొట్టుకాడే కూకున్నాడు. పొద్దున్నే తాడు తెగితే ఒక్కడైనా సెప్పలేదేటి?”

“తెలిసుండదు.”

“ఈ బస్తీలో పిల్లి తుమ్మినా తెలుస్తాది. ఏదీ, మొన్న బస్సు గోడని గుద్దిన కబురు మల్లీ తియ్యి. ఎంతనుంది? తెల్లారగట్ల నాలుగూ నలభై! గుద్దినప్పుడు నానక్కడే ఉన్నాను, పొద్దున్న తొమ్మిదిన్నర దాటింది. గుద్దకముందే రాసీనాడేటి ఆడు?”

సుజనకి అప్పుడు వెలిగింది. ఫీడ్‌లో టైము లండన్ లెక్కలో వస్తోంది. మన టైము కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. కలిపితే తొమ్మిదీ పది కాస్తా రెండూ నలభై అయింది.

“నువ్వు ఫోన్ సేస్తానే ఉండు,” అని జగ్గమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

గేటు ముందు జనం. కాపలా కాసే దేముడు మన శ్రీకాకుళం మనిషే. ఇనప పెట్టెకి అడ్డంగా నిలబడి అరుస్తున్నాడు. “పేర్లు నాకు తెల్దు! దెబ్బలు తగిలినోళ్ళ ఫోన్లు మాత్రం సూపర్‌వైజరు తీసి, పెట్టికి తాళమేసి, ఆంబులెన్సులో పట్టుకుపోనాడు!”

అంటే దెబ్బ తగలనివాళ్ళ ఫోన్లు పెట్టెలోనే ఉన్నాయి. ఇళ్ళ నుంచి అందరూ చేస్తున్నట్టున్నారు, లోపల ఒకటే గోల. పాటలు, గంటలు, సన్నాయి. బైరాగి ఫోను కోడిలా కూస్తుంది. ఆ దిక్కుమాలిన కూత మార్చమని జగ్గమ్మ ఎన్నిసార్లు తిట్టిందో!

ఆవిడ మోకాళ్ళ మీద కూలబడి, ఎండకి కాలుతున్న ఇనుముకి చెవి ఆనించింది. పాట. గంట. మళ్ళీ పాట. కోడి లేదు.

“సెయ్యే సుజనా, సెయ్యే,” అని గొణిగింది.

ఎక్కడో అడుగున, సన్నగా, కొక్కొరోకో అంది.

జగ్గమ్మ కదల్లేదు. కూత ఆగింది, మళ్ళీ మొదలైంది. అప్పుడు వెనక నుంచి పక్కింటి సన్యాసమ్మ భుజం పట్టుకుంది.

“జరుగొదినా. నా మనిషిది ఇననీ.”

జగ్గమ్మ జరిగింది.