సాన మీద జాజికాయ

పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర ఉండదు. కానీ దగడూ నిద్రపోయి తీరాల్సినవాడు. ఉద్గీర్ నుంచి లాతూరుకు పోయే మొదటి బస్సు నడిపేది అతనే. రెండు గదుల ఇంట్లో ఎటు తిరిగి పడుకున్నా కొడుకు ఏడుపు చెవిలోనే ఉండేది. ఒకరోజు పొద్దున చెరకు బండ్ల వెనక పోతూ రెప్ప వాల్చాడు. కండక్టరు భుజం పట్టి కుదిపేసరికి బస్సు ముందు చక్రం రోడ్డు దిగి కంది చేలో ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. జనం నాలుగు తిట్లు తిట్టి మళ్లీ ఎక్కి కూర్చున్నారు.

ఆ సంగతి భార్య ముక్తకు చెప్పలేదు. తల్లికి చెప్పాడు.

"ఏదో ఒకటి చెయ్యి ఆయీ. వాడు పడుకోవాలి. లేకపోతే నేను ఎవర్నో చంపి జైల్లో కూర్చుంటా."

"చెయ్యడానికి నాకేం? నిన్ను పెంచినట్టే వీణ్ణీ పెంచుతాను. మీ ఆవిడ చెయ్యనిస్తేగా!" అంది సుందరాబాయి.

ఆమెకు దగడూ కంటే ముందు ఇద్దరు పుట్టి, పేరు పెట్టకముందే పోయారు. మూడోవాడు పుట్టగానే ఎవరి కన్నూ పడకూడదని రాయి అని అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. రోజూ సాన మీద వస, కరక్కాయ, జాజికాయ అరగదీసి, ఆ గంధం గుట్టీగా పోసింది. వాడు బతికాడు. గుట్టీ వల్లే బతికాడని ఆమె నమ్మకం. ఇద్దర్ని మట్టిలో పెట్టిన మనిషి నమ్మకాన్ని కాదనడానికి ఆ వాడలో ఎవరికీ నోరు రాలేదు.

ముక్త కాదంది. ఆమె పెళ్లికి ముందు అంగన్‌వాడీలో ఆయాగా చేసింది. ఆసుపత్రి నుంచి బిడ్డతో ఇంటికొచ్చిన రోజే అత్తగారు సాన ముందేసుకు కూర్చుంటే, బిడ్డను ఒళ్లోకి లాక్కుంది.

"వద్దు ఆయీ. ఆరు నెలల దాకా నా పాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దు."

"మీ అంగన్‌వాడీ గోడ మీద రాసిందంతా నా వంటింట్లో చదవకే తల్లీ!" అంటూనే సుందరాబాయి సాన తీసి అటక మీద పెట్టేసింది. కోపం పెట్టుకోలేదు. కోడలికి తల్లి లేదు, తండ్రి మారుమనువు చేసుకున్నాడు, అందుకే తొలి పురుడు అత్తింట్లోనే జరిగింది. సుందరాబాయే నూనె రాసి, వేణ్నీళ్లు పోసి, బాలింతలకు పెట్టే గోందు లడ్డూలు చుట్టి పెట్టింది. కన్నతల్లి ఉన్నా ఇంతకన్నా చేసేదా అని ముక్త అనుకునేది.

దగడూ వచ్చి అడిగాక ఆ సాన మళ్లీ అటక దిగింది. ముక్త స్నానానికి వెళ్లినప్పుడు సుందరాబాయి జాజికాయను పాలతో తడిపి, రెండు చుట్లు అరగదీసి, వేలితో పిల్లాడి నాలుకకు రాసేది. వాడు కాస్త పడుకున్నాడు. దగడూకి అది చాలలేదు.

"ఇంకొంచెం వెయ్యి ఆయీ."

"ఎక్కువైతే మత్తెక్కుతుందిరా."

"ఏం కాదు. నేను తాగి బతకలేదా?"

ఆమె ఇంకొంచెం అరగదీసింది. తర్వాత రోజుల్లో అడిగినప్పుడల్లా అరగదీసింది.

పిల్లాడు నెమ్మదించాడు. ముక్త సంతోషపడింది. "చూశారా, మీ కొడుకు ఎంత బుద్ధిమంతుడయ్యాడో! మీ డ్యూటీ సంగతి వాడికీ తెలిసినట్టుంది" అని భర్తతో అంది. దగడూ నవ్వి ఊరుకున్నాడు.

కానీ ఆమె రొమ్ములు గడ్డకట్టి సలిపేవి, పాలు కారి రవిక తడిసిపోయేది. అరికాలు గిల్లి లేపితే వాడు రెండు గుక్కలు చప్పరించి మళ్లీ వాలిపోయేవాడు. కళ్లు పచ్చబడ్డాయి. సుందరాబాయి పొద్దుటెండలో వాణ్ణి కాళ్ల మీద వేసుకుని కూర్చుంది. ఆమెకూ భయం పుట్టింది. "ఇవాళ్టి నుంచి మానేస్తానురా" అని కొడుకుతో అంది. "ఈ వారం ఒక్కటీ గడవనీ ఆయీ. పైవారం సెలవు పెడతా" అన్నాడతను.

వారం గడవలేదు. ఒక మధ్యాహ్నం బట్టలు మారుస్తుండగా పిల్లాడి చెయ్యీ కాలూ ఒకవైపే కొట్టుకున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. ముక్త కేకకు దగడూ లేచి వచ్చాడు. ఆటోలో ఆసుపత్రికి పోతున్నంతసేపూ ఆమె కొడుకు ముక్కు దగ్గర చెంప ఆనించి, ఊపిరి తగులుతోందా లేదా అని చూస్తూనే ఉంది.

పిల్లల డాక్టరు పఠాన్ మేడం రక్తం చుక్క తీసి చూసి, వెంటనే చక్కెర సీసా ఎక్కించింది. తర్వాత అడిగింది.

"పాలు కాక ఇంకేమైనా పట్టారా? తేనె, గుట్టీ, నాటుమందు?"

"లేదు మేడం. నా పాలు తప్ప ఏమీ లేదు. వీడి మీద ఒట్టు" అంది ముక్త.

డాక్టరు దగడూ వైపు చూసింది. "మీరు చెప్పండి. ఇంట్లో ఎవరైనా?"

"లేదు మేడం" అన్నాడు దగడూ.

పక్కనున్న నర్సు ఊరుకోలేదు. "మరి పిల్లాడు ఇలా ఎండిపోయాడేం? తొలిచూలు తల్లులంతా ఇంతే. వాడు పడుకుంటే చాలని మీరూ పడుకుంటారు. లేపి పట్టాలని తెలీదా?"

ముక్త తల వంచుకుంది. "తెలుసు సిస్టర్. లేపాను. ఇంకా గట్టిగా లేపాల్సింది" అని ఏడ్చింది. దగడూ ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. అప్పుడూ నోరు విప్పలేదు. ఇప్పుడు చెబితే ఆయీని నలుగురిలో నిలబెట్టి దులిపేస్తారు, కాసేపట్లో వాడే తేరుకుంటాడు అని తనకు తాను సర్ది చెప్పుకున్నాడు.

చక్కెర అందినా పిల్లాడు కళ్లు తెరవలేదు. గుచ్చినా సరిగా ఏడవలేదు. మెదడుకు చీము పట్టిందేమో, వెన్నులోంచి నీళ్లు తీసి చూడాలి అంది డాక్టరు. దగడూ సంతకం పెట్టాడు. లోపల వాణ్ణి విల్లులా వంచి పట్టుకుని సూది గుచ్చారు. తలుపు బయట ముక్త చెవులు మూసుకుని కూర్చుంది. మూసుకోనక్కర్లేకపోయింది. లోపల్నుంచి చిన్న మూలుగు తప్ప ఏమీ రాలేదు.

మర్నాడు పొద్దున సుందరాబాయి జొన్న భాకరీ రొట్టెలు, మెంతికూర గుడ్డలో కట్టుకుని వచ్చింది. అద్దం అవతల మనవణ్ణి చూసింది. ముక్కులో గొట్టం, కళ్లకు గంతలు, ఒంటి మీద కామెర్లకు పెట్టిన నీలం వెలుగు. మూట కింద పెట్టి, అటుగా వస్తున్న డాక్టరుకు అడ్డం వెళ్లింది.

"వాడికి మత్తు దిగిందా అమ్మా?"

"ఏం మత్తు?"

"జాజికాయే. నేనే అరగదీసి పోశాను. కాస్త ఎక్కువే పడింది." అని కొడుకు వైపు తిరిగింది. "నువ్వు చెప్పలేదా దగడూ?"

డాక్టరు ముందు ముసలమ్మను చూసింది, తర్వాత దగడూను.

"రెండుసార్లు అడిగాను, రెండోసారి నిన్నే" అంది. "చెప్పి ఉంటే ఆ సూది గుచ్చేదాన్నే కాదేమో. మత్తులో పడి పాలు తాగక చక్కెర పడిపోయింది, కామెర్లు ముదిరాయి. మీ పెద్దావిడకు తెలీదు, సరే. నీకేమైంది?"

అతను ఏదో అనబోయాడు. "ఆయీని ఏమైనా అంటారని..."

"నన్నేం అంటే ఏం రా?" అంది సుందరాబాయి. "కొట్టనీ. నీ కొడుకు కదరా వాడు!"

ముక్త లేచి నిలబడింది. పెళ్లయిన నాటి నుంచి భర్తను ఏమండీ అని తప్ప పిలవలేదు ఆమె.

"నువ్వు నా వెనకే ఉన్నావు" అంది. "ఆ నర్సు నన్ను తిడుతుంటే నా వెనకే ఉన్నావు."

అత్తగారు తెచ్చిన మూట విప్పి, నేల మీద కూర్చుని, భాకరీ తుంచి తినడం మొదలుపెట్టింది. పాలు పడాలంటే తినాలి.

వెన్ను నీళ్లలో చీము లేదని తేలింది. పిల్లాడు ఆ సాయంత్రం కళ్లు తెరిచాడు, తర్వాత గట్టిగా ఏడ్చాడు, తర్వాత రొమ్ము పట్టాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "గండం గడిచింది. కానీ కామెర్లు అంత ముదిరాయి కాబట్టి చెవుల సంగతి ఇప్పుడే చెప్పలేను. కాస్త పెరిగాక తీసుకురండి" అంది.

ఇంట్లో సుందరాబాయి సానను పెరట్లో బట్టలుతికే చోట పడేసింది. బారసాల రోజు మనవడి ఉయ్యాలకు దూరంగా గడప అవతల కూర్చుంది. ముక్తే వెళ్లి చెయ్యి పట్టి లేపింది. "రండి ఆయీ, ఉయ్యాల మీరు ఊపకపోతే ఎవరు ఊపుతారు?" వచ్చిన ఆడవాళ్లు ఆ కోడలి మంచితనం గురించి చాలా రోజులు చెప్పుకున్నారు. వాళ్లు చూడనిది ఒకటుంది. ఆ రోజంతా ముక్త భర్త చేతికి బిడ్డను ఇవ్వలేదు.

చెవుల పరీక్షకు అత్తాకోడళ్లే వెళ్లారు. దగడూ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముక్త పిల్లాడికి లాగు తొడుగుతోంది.

"ఏమన్నారు?"

"కుడి చెవి బాగుంది. ఎడమ చెవి వినపడదట. ఇక రాదట."

దగడూ చెప్పులు కూడా విడవకుండా గడపలో కూలబడ్డాడు. "తిట్టు ముక్తా. నాలుగు కొట్టు. ఇలా ఊరుకోకు" అన్నాడు.

"తిడితే నీకు తేలికవుతుంది" అంది ముక్త.

పిల్లాణ్ణి భుజాన వేసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లి, అన్నం ఉడికిందో లేదో మూత తీసి చూసింది.